మాట విరిగే చోటు

మా మేనకోడలు ఉద్యోగరీత్యా ఓస్లోలో ఉంటోంది. అక్కడి భాష నేర్చుకోవడం మొదలుపెట్టాక, ఫోన్ చేసినప్పుడల్లా తాను నేర్చుకొన్న మాటల్లోకెల్లా పొడవైనదాన్ని నాకు వినిపించడం దానికి సరదా అయింది. ఒకనాడు "మామా, ఇది ఒక్క మాటే. ఎక్కడ విరుస్తవో చెప్పు" అంటూ ఊపిరి బిగబట్టి ఒక మాట అన్నది: మెన్నెస్కెరెట్టిఘేట్సొర్గానిసాషూన్. మానవహక్కుల సంస్థ అని అర్థమట. మెన్నెస్కె అంటే మనిషి, రెట్టిఘేట్ అంటే హక్కు, చివరిది సంస్థ. రెండో ముక్కకూ మూడో ముక్కకూ నడుమ ఒక సకారప్పొల్లు అతుకుగా వచ్చి కూర్చున్నది.

దాని మాట వింటూంటే నాకు మన వ్యాకరణంలోని ఆగమాలు గుర్తుకు వచ్చాయి. చిగురు, ఆకు కలిస్తే చిగురుటాకు అవుతుంది. నడుమనున్న టకారం చిగురుకూ చెందదు, ఆకుకూ చెందదు. పేద, ఆలు కలిసి పేదరాలు అయినప్పుడు వచ్చే రేఫ కూడా అటువంటిదే. మన పండితులు వీటికి టుగాగమం, రుగాగమం అని పేర్లు పెట్టుకొని సూత్రాలు రాసుకొన్నారు. నార్వే వాళ్ళు 'పని'కీ 'చోటు'కూ నడుమ సకారం పెట్టి ఆర్బైడ్స్‌ప్లాస్ అంటారు. ఎక్కడి ఉత్తర సముద్రం, ఎక్కడి నల్లమల! అయినా రెండు మాటలను అతికేటప్పుడు నడుమ కాస్త జిగురు కావాలని ఇరుచోట్లవారికీ తోచింది.

ఆ భాషలో సమాసాన్ని విడగొట్టి రాయడం పెద్ద తప్పట. ఆ తప్పుకు 'సేర్‌స్క్రీవింగ్' అని ఒక పేరే ఉన్నది. లామ్మెలోర్ అని కలిపి రాస్తే గొర్రెపిల్ల తొడమాంసం. లామ్మె లోర్ అని విడదీసి రాస్తే చచ్చుబడిన తొడలు! నోటితో అనేటప్పుడు ఈ చిక్కు ఉండదు. సమాసమైతే ప్రధానమైన ఊనిక మొదటి ముక్క మీద పడుతుంది, రెండో ముక్క మీద అంతకంటె తేలికైన ఊనిక నిలుస్తుంది. విడి మాటలైతే దేని ఊనిక దానిదే. అంటే, ఇక్కడ ఉన్నది ఒక మాటా రెండు మాటలా అన్నది గొంతు చెబుతుంది. కాగితం మీద గొంతు ఉండదు కనుక, ఆ పనిని రాతలోని కలయిక చేస్తుంది.

ఇంకొక ముచ్చట కూడా చెప్పింది. బస్సుకు వాళ్ళ మాట బుస్స్, ఆగే చోటు స్టొప్. రెండూ కలిస్తే మూడు సకారాలు వరుసగా రావాలి. ఒకదాన్ని మింగేసి రెండే రాస్తారు. అయితే పంక్తి చివర చోటు చాలక ఆ మాటను విరవవలసి వస్తే, మింగిన సకారం మళ్ళీ బయటికి వస్తుంది. విడదీసినప్పుడు ఎవరి అక్షరం వారికి అప్పజెప్పాలన్న నియమం అది. సంధి విడదీయడం నేర్చుకొన్న మన బడిపిల్లలకు ఈ న్యాయం కొత్తది కాదు.

ఇక మన సంగతి.

తెలుగులో ఊనిక మారితే అర్థం మారదు. మనకు లెక్క బరువుతోనే: గురువు, లఘువు. కానీ ఆ బరువు ఎక్కడ పుడుతుందో గమనిస్తే ఒక వింత కనబడుతుంది. మన కన్ను అక్షరాన్ని ఒకచోట విరుస్తుంది, నోరు మరొకచోట విరుస్తుంది. 'పద్మ' అన్న మాటలో కంటికి ప, ద్మ అని రెండు ముక్కలు కనబడతాయి. నోరు మాత్రం పద్, మ అని విరుస్తుంది. ముందున్న ప గురువు కావడానికి కారణం ఆ దకారం వెనక్కి వచ్చి దాని మీద ఆనుకోవడమే. సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు అని కంఠస్థం చేసిన సూత్రం వెనుక ఉన్నది ఈ పాటి సంగతే.

దీనికి మా జిల్లాల్లో దొరికే గొప్ప ఉదాహరణ గద్వాల. పండితులను ఆదరించిన సంస్థానం కనుక దాన్ని విద్వద్గద్వాల అనేవారు. రాతలో వి, ద్వ, ద్గ, ద్వా, ల. నోటిలో విద్, వద్, గద్, వా, ల. వరుసగా నాలుగు గురువులు, చివర ఒక లఘువు. ఆ మాట అంటూంటేనే ఏనుగు నడిచి వస్తున్నట్లుంటుంది. అందులో కీలు ఎక్కడున్నది? విద్వత్ అన్న మాటలోని చివరి తకారం గకారం పక్కకు వచ్చి దకారమై, దానితో కలిసి ద్గ అయింది. రెండు మాటల సరిహద్దు ఒకే అక్షరం కడుపులో పడిపోయింది. పక్కనే ఉన్న వనపర్తి ఇందుకు భిన్నం. వ, న రెండూ లఘువులు, ప గురువు, ర్తి లఘువు. ఇంద్రగణాల్లో సలము. ఏ సీసపద్యంలోనైనా చెప్పులు విడవకుండా లోపలికి నడిచిపోగలదు. మా లింగాల అయితే రెండు గురువులు, ఒక లఘువు. తగణం. అదీ ఇంద్రగణమే!

నాకు ఈ గణాల పిచ్చి పట్టించినవారు లింగాల బడిలో మా తెలుగు పంతులుగారు. ఆయన పలక మీద గురులఘువులు పెట్టించేవారు కారు, చప్పట్లు కొట్టించేవారు. గురువుకు గట్టి చప్పట, లఘువుకు వేళ్ళతో చిటిక. తరగతిలో నలభైమందిమి 'గ్రామప్రజలు' అన్న మాటకు చప్పట్లు కొట్టిన రోజు నాకు ఇప్పటికీ జ్ఞాపకం. 'ఊరి ప్రజలు' అని ఆయన అంటే 'రి' దగ్గర చిటిక వేయాలి. 'గ్రామప్రజలు' అంటే 'మ' దగ్గర చప్పట కొట్టాలి. రెండు చోట్లా వెనుక ఉన్నది ఆ 'ప్ర' ఒక్కటే. కానీ మొదటి చోట 'ఊరి', 'ప్రజలు' వేరువేరు మాటలు. ప్రకారం బరువు 'రి' మీద పడదు. రెండో చోట సమాసం. ఒక ఇంటివారయ్యారు కనుక ఒకరి బరువు ఇంకొకరు మోయాలి. "కలిసిండ్రంటే మోయాలెరా" అనేవారాయన. నార్వేజియనులు ఊనికతో చెప్పే సంగతినే మన ఛందస్సు బరువుతో చెబుతున్నదని, మేనకోడలి ఫోను పెట్టేశాక చాలాసేపు ఆలోచిస్తూ కూర్చొన్నాను.

ఏటా చైత్రపౌర్ణమికి మా వైపు నుంచి జనం అడవిలో నడిచి సలేశ్వరం లోయలోకి దిగుతారు. దారిపొడవునా లింగమయ్యను పిలుస్తూనే ఉంటారు. ఆ పిలుపులో లింగ అన్న ముక్క నేలను తగిలీ తగలనట్లు పోతుంది. చివరి అచ్చు మాత్రం లోయ అంచు నుంచి అంచుకు సాగుతుంది. దూరాన ఉన్నవారిని పిలిచేటప్పుడు మాట చివరి అచ్చును మూడు మాత్రల ప్లుతంగా సాగదీయాలని పాణిని చెప్పాడు. ఆ జాతరకు వచ్చేవారిలో పాణిని పేరు విన్నవారు ఎంతమంది ఉంటారో గానీ, ఆ సూత్రాన్ని తప్పినవారు ఒక్కరూ లేరు. నోటికి తెలియని వ్యాకరణం లేదు. ఇబ్బంది అంతా కాగితంతోనే.

ఆ కాగితం కథ చెప్పడానికే ఇంత ఉపోద్ఘాతం.

లింగాల మండలం సగం ఊళ్ళు, సగం అడవి. అడవిలో చెంచుల పెంటలు ఉన్నాయి. తెలియనివారికి ఒక మాట: కింది ఊళ్ళలో పెంట అంటే పేడకుప్ప. అడవిలో పెంట అంటే చెంచుల నివాసం, పది పదిహేను గుడిసెల ఊరు. ఒకే మాట కొండ ఎక్కితే చెత్త, ఇల్లు అవుతుంది. ఆ అడవి 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా వేరుపడింది. విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్లకు పైమాటే. పులులకు చోటు కావాలని, లోపలి ఊళ్ళను బయటికి తరలించాలని చాలాకాలంగా ప్రయత్నాలు సాగుతున్నాయి. ఊరు వదిలి వచ్చే కుటుంబానికి 10 లక్షల రూపాయలుగా ఉన్న పరిహారాన్ని 2021లో 15 లక్షలు చేశారు. అయితే చట్టం ఒక షరతు పెట్టింది. 2006లో వచ్చిన అటవీహక్కుల చట్టమూ, అదే ఏడాది సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టమూ కూడా, అక్కడివారు తమంతట తాము ఒప్పుకొంటేనే తరలింపు జరగాలని చెబుతున్నాయి. గ్రామసభ సమ్మతి రాతపూర్వకంగా ఉండాలి.

రెండేళ్ళ క్రితం నేను ఊరికి వెళ్ళినప్పుడు, అటువంటి కాగితం ఒకటి చదివి చెప్పమని ఒక పెంట నుంచి కొందరు మా ఇంటి అరుగు మీదికి వచ్చారు. ఏ కార్యాలయం నుంచి వచ్చిందన్నది ఇక్కడ అనవసరం. వాళ్ళతోపాటు ఇంటర్ చదివే కుర్రవాడు ఒకడు ఉన్నాడు. వాడే చదవడం మొదలుపెట్టాడు. చక్కని గొంతు, తడబాటు లేని చదువు. కాకపోతే ఆ కాగితం కూర్చినవారు పంక్తి చివర చోటు అయిపోయిన ప్రతిచోటా, మాట ఎక్కడ ఉంటే అక్కడ తెగ్గొట్టి కింది పంక్తిలోకి తోసేశారు. మన అచ్చులో ఇది మామూలే. అడ్డగీత కూడా పెట్టరు. పంక్తి ఆగినచోట వాడూ ఆగాడు.

"స్వచ్ఛం" అని ఆగాడు. కింది పంక్తి చూసుకొని "దంగా" అన్నాడు. తరువాత "పున" దగ్గర మళ్ళీ పంక్తి అయిపోయింది. "రావాసం" అని అందుకొన్నాడు.

గడప పక్కన కూర్చున్న ఒక అవ్వ చేయి ఎత్తి వాణ్ణి ఆపింది. నా వైపు తిరిగి అడిగింది: "స్వచ్ఛం అంటె ఊడ్చుడే గద బిడ్డా? టీవీల చెప్తరు, స్వచ్ఛ స్వచ్ఛ అని. మమ్ముల ఊడుస్తరా?"

ఎవరూ నవ్వలేదు. అప్పుడు ఆమె పక్కనున్న పెద్దమనిషి అన్నాడు: "ఇంకోటి ఇనలేదా? రావా అని గూడ అంటున్నరు. రావా అనుకుంటనే పొమ్మంటున్నరు."

నేను కాగితం చేతిలోకి తీసుకొని చూశాను. అవ్వ విన్నదానిలో తప్పేమీ లేదు. స్వచ్ఛ అన్న మాటా, స్వచ్ఛంద అన్న మాటా రాతలో ఒకే తీరుగా మొదలవుతాయి. కానీ కీళ్ళు వేరు. సు, అచ్ఛ కలిసి స్వచ్ఛ. మిక్కిలి నిర్మలమైనది. అక్కడ కీలు స్వకారం లోపలే, సకారవకారాల నడుమ ఉన్నది. స్వ, ఛంద కలిసి స్వచ్ఛంద. అక్కడ కీలు స్వకారం తరువాత ఉన్నది. స్వ అంటే తన. ఛంద అంటే ఇష్టం. పంక్తిని ఛం దగ్గర తెంచేసరికి తన ఇష్టం కాస్తా చీపురుకట్ట అయి కూర్చున్నది.

పునరావాసం సంగతి ఇంకా కఠినం. పునః, ఆవాసం. మళ్ళీ నివాసం. పునర్ అన్న మాట చివరి రేఫ, ఆవాసంలోని మొదటి ఆకారం కలిసి రా అనే ఒకే అక్షరం అయ్యాయి. మాటల సరిహద్దు ఆ అక్షరం మధ్యగా పోతుంది. కత్తెర పెట్టి ఎక్కడ కత్తిరించినా సరిగ్గా తెగదు. పున, రావాసం అన్నా తప్పే, పునరా, వాసం అన్నా తప్పే. ఆవాసం అన్న మాట, అంటే ఇల్లు అన్న మాట, అందులో ఉన్నది. కానీ దాని మొదటి అచ్చు రేఫకు తగిలించిన దీర్ఘంలో దాక్కున్నది. తెలిసినవాడు చెబితే తప్ప కంటికి కనబడదు.

అవన్నీ వాళ్ళకు చెప్పలేదు. కుర్రవాణ్ణి దగ్గరికి పిలిచి, ఆ పంక్తులను పెన్సిలుతో కలిపి, మా పంతులుగారి పద్ధతిలో చప్పట పెట్టి చదవమన్నాను. "స్వచ్-ఛన్-దం-గా." మొదటి ముక్క మీద గట్టి చప్పట. ఇక్కడ ఒక సంగతి మీతో చెప్పాలి. స్వ అన్నది విడిగా ఉన్నప్పుడు లఘువు. చిటికెతో పోతుంది. ఛందతో కలిసినప్పుడు నడుమ ఒక చకారం ఆగమంగా వచ్చి చేరుతుంది. చిగురుటాకులో టకారం వచ్చినట్లు, మేనకోడలి మాటలో సకారం వచ్చినట్లు. ఆ చకారం వెనక్కి ఆనుకొని స్వకు బరువు ఇస్తుంది. అంటే, ఆ మాటను సరిగ్గా పలికితే గొంతు 'తన' అన్నచోట బరువు పెట్టక తప్పదు. సరిగ్గా విరిస్తే చట్టం ఏం చెప్పిందో బరువే చెబుతుంది.

వాడు రెండోసారి చదివాక అర్థం చెప్పాను. తమ ఇష్టంతో, తామే ఒప్పుకొని, వేరేచోట మళ్ళీ ఇళ్ళు కట్టుకొని ఉండడం.

పెద్దమనిషి చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత అడిగాడు: "మా ఇష్టం ఉంటెనే అని రాసిన్రా?"

"అవును తాతా. అట్లనే ఉన్నది."

"మరి గా మాట గంత లోపల పెట్టి రాసిన్రేంది సారూ?"

నా దగ్గర జవాబు లేదు. అవ్వ మాత్రం మరొకటి అన్నది. "మళ్ళ ఇల్లు అంటున్నరు గద. ఉన్న ఇల్లు పోయినోళ్ళకే గద మళ్ళ ఇల్లు." పునః అన్న మాటకు అంతకంటె గట్టి వ్యాఖ్యానం నేను ఏ టీకాలోనూ చూడలేదు. పునరావాసం అన్న మాటలో ఆవాసం ఒక్కసారే వినబడుతుంది. కానీ ఆ 'మళ్ళీ' ఉన్నదంటే వెనుక ఇంకొక ఆవాసం పోయి ఉండాలి.

వాళ్ళు వెళ్ళేముందు, గ్రామసభలో తమ మాటను ఎట్లా రాయించుకోవాలని అడిగారు. 'మా ఇష్టం ఉంటేనే' అని మూడు మాటల్లో రాయించుకొమ్మన్నాను. విరిగే మాట కాదు, విడిగా ఉన్న మాటలు. పంక్తి ఎక్కడ తెగినా ఆ మూడింటికీ ఏమీ కాదు. కుర్రవాడు దాన్ని తన నోటుపుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసుకొన్నాడు. ఆ పెంటవారు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. రేపటి సంగతి వారు, వారి గ్రామసభ తేల్చుకోవలసినది.

దీన్నిబట్టి సమాసాలు చెడ్డవని నేను అనడం లేదు. అట్లా అంటే మా పంతులుగారి ఆత్మ ఘోషిస్తుంది. పొడవాటి సమాసం ఒక్క ఊపిరిలో నడిచే అందం పద్యం చదివినవారికి తెలుసు. మన వృత్తాల్లో పాదం అయిపోయినా మాట అయిపోదు. మాట ఈ పాదంలో మొదలై తరువాతి పాదంలోకి దూకుతుంది. చదివేవాడు ఊపిరి నిలుపుకొని దాన్ని దాటిస్తాడు. అంటే పంక్తి చివర మాట తెగడం మన సాహిత్యానికి కొత్త కాదు. కానీ అక్కడ చదివేవాడికి కీళ్ళు తెలుసు. వినేవాడు ఆ విద్యను ఇష్టపడి వచ్చి కూర్చున్నవాడు. ఇల్లు ఉంటుందో పోతుందో తెలుసుకోవడానికి వచ్చినవాణ్ణి అదే పరీక్షకు కూర్చోబెట్టడం న్యాయం కాదు.

మనం కంప్యూటరులో తెలుగు రాసుకొనేవాళ్ళం కనుక చివరగా ఒక చిన్న సంగతి. లింగాల 2016 అక్టోబరు 11 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్నది. అంతకుముందు మహబూబ్‌నగర్ జిల్లా. ఈ రెండు పేర్లనూ కీబోర్డు మీద ఉన్నదున్నట్లు కొట్టి చూడండి. నాగర్కర్నూల్, మహబూబ్నగర్ అని వస్తాయి. పొల్లు పక్కన హల్లు రాగానే యూనికోడు దాన్ని వత్తుగా మార్చేస్తుంది. నాగర్ ఎక్కడ ముగిసిందో, కర్నూల్ ఎక్కడ మొదలైందో కన్ను పోల్చుకోలేదు. విచిత్రమేమిటంటే బరువులో ఏ తేడా లేదు. రెండు విధాలా నాలుగు గురువులే. నోటికి ఇబ్బంది లేదు, కంటికే ఇబ్బంది. ఆ ఇబ్బందిని తీర్చడానికి రెండు మాటల నడుమ జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే వర్ణాన్ని పెడతాం. దానికి వెడల్పు లేదు, రూపం లేదు, ఉచ్చారణ లేదు. 'ఇక్కడ రెండు మాటలు కలిశాయి, కానీ ఎవరి గడప వారిదే' అని చెప్పడం తప్ప దానికి వేరే పని లేదు. 2006లో లేఖిని వచ్చిన కొత్తలో దాన్ని ఎట్లా కొట్టాలో ఒకరికొకరం చెప్పుకొన్న రోజులు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి.

ప్రభుత్వ కాగితాలు కూర్చేవారికి కూడా ఆపాటి శ్రద్ధ ఉంటే బాగుండునని నా కోరిక. పంక్తి చివర మాటను విరవక తప్పదంటే, కీలు దగ్గర విరవండి. కీలు అక్షరం లోపల పడితే, ఆ మాటను మొత్తంగా కింది పంక్తికి దించండి. కాస్త కాగితం వృథా అవుతుంది, అంతే. అంతకంటె మంచిది, 'తమ ఇష్టంతో' అని రాయడం.

ఛందస్సు అన్న మాటకూ, ఇష్టం అనే అర్థమున్న ఛందకూ చుట్టరికం ఉన్నది. నచ్చడం, సంతోషపెట్టడం అన్న ధాతువు నుంచే రెంటినీ సాధిస్తారు. నేను గణాలు లెక్కపెట్టడం నేర్చుకొన్న ఊళ్ళో, ఆ రెండో అర్థాన్ని వెతుక్కొంటూ ఒక అవ్వ మా అరుగు మీదికి వచ్చింది.

మీ మీ ఊళ్ళ పేర్లను ఒకసారి చప్పట్లు కొట్టి విరిచి చూడండి. కీలు ఎక్కడ ఉన్నదో, బరువు ఎక్కడ పడిందో వ్యాఖ్యల్లో చెప్పండి. అట్లాగే మీ దగ్గరికి వచ్చిన కాగితాల్లో తప్పుగా తెగిన మాటలు ఏవైనా ఉంటే అవి కూడా. వాటి పట్టిక ఒకటి తయారు చేయాలని ఉన్నది.